ఆరు రంగుల దారం

పాత వైండింగ్ కాల్చిన వాసన ఒకసారి జుట్టుకి పట్టిందంటే కుంకుడుకాయలకి కూడా లొంగదు. మాధవీలతకి ఆ వాసన పట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆవేళ కూడా కొట్టు వెనక పెరట్లో కాలిపోయిన మోటారు బాడీని ఇటుకల మీద నిలబెట్టి, కింద పత్తికంప ఎగదోసి, లోపలి రాగి చుట్టల మీది వార్నిష్ కరిగి మండేదాకా కాపలా కూర్చుంది. తక్కువ కాలితే చుట్ట ఊడిరాదు. ఎక్కువ కాలితే బాడీ పాడవుతుంది. కాలాక పటకారుతో ఒక్కొక్క చుట్టా పీకి, బూడిద దులిపి, లోపలంతా గీకి శుభ్రం చేస్తే గానీ కొత్త తీగ చుట్టడానికి వీలవదు. ఎక్కడ ఏ వైండింగ్ కొట్టు చూసినా ఈ పని కొత్తగా చేరినవాడి నెత్తినే రుద్దుతారు. ఈ కొట్లో కొత్తగా ఎవరూ చేరలేదు గనక మాధవి నెత్తినే ఉండిపోయింది.

గడప మీద చింతపండు గింజ తీస్తున్న అత్తగారు సుబ్బరావమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఆడమనిషి పక్కన కూర్చుంటే పోపు వాసన రావాల. నీ దగ్గర ఎప్పుడు చూసినా కాటి వాసనేనమ్మా," అంది.

ఆ కాటి వాసన పుణ్యానే ఆ ఇంట్లో పోపు వేగుతోందని ఆవిడకి తెలియక కాదు. తెలిసినవన్నీ ఒప్పుకుంటూ పోతే ఇక అత్తగారెలా అవుతుంది? మాధవి కంప ఎగదోసింది. అప్పుడే ఒంగోలు నుంచి లాయరు షాజాదీ మేడం ఫోను చేసింది.

"మాధవీలత గారూ, రేపొకసారి రండి. అప్పీళ్ళు రెడీ. మీ తరఫున ఒక అఫిడవిట్ కూడా రాయించాను, సంతకం పెడితే అన్నీ కలిపి వేసేద్దాం. మీ అత్తగారిని కూడా తీసుకురండి. పెద్దావిడ మాట కూడా వింటాను."

మార్టూరు అడ్డరోడ్డులో ఆ కొట్టు ముందు 'సురేంద్ర మోటార్ వైండింగ్ వర్క్స్' అని బోర్డు ఉంది. బోర్డు ఉంది గానీ సురేంద్ర లేడు. ఏడాది పైగా జైల్లో ఉన్నాడు. రైతుల పొలాల్లో మోటార్లు విప్పి, లోపలి రాగి తీగ కోసుకుపోయి పాత సామాన్ల కొట్టుకి అమ్మాడు. ఆరుగురు రైతులు, ఆరు కేసులు. "ఒప్పేసుకో, తక్కువలో పోద్ది," అని అప్పటి లాయరు చెబితే ఆరూ ఒప్పేసుకున్నాడు. కింది కోర్టులో ఒక్కో కేసుకి ఏడాదిన్నర వేశారు. శిక్షలన్నీ ఒకేసారి నడవాలి అన్న ఒక్క వాక్యం తీర్పులో లేదు. అడగవలసిన లాయరు అడగలేదు. ఆ వాక్యం లేకపోతే ఒకటి అయ్యాక ఇంకొకటి మొదలవుతుందట. ఏడాదిన్నర కాస్తా తొమ్మిదేళ్ళయి కూర్చుంది. "పొడిచినోడికి కూడా ఇంత పడలేదు గదయ్యా," అని తిట్టాల్సిన రైతులే ముక్కున వేలేసుకున్నారు. నేరం ఒప్పుకున్నాడు గనక ఇప్పుడు అడగగలిగింది ఒకటే, శిక్ష ఎక్కువైందని. ఆ అప్పీలే షాజాదీ వేయబోతోంది.

మంట చల్లారేదాకా మాధవి అక్కడే కూర్చుంది. కూర్చుంటే ఊరికే ఉండదు గదా మనసు.

చీరాలలో మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. తెగిన పోగు కంటికి కనిపించకముందే వేళ్ళకి తెలిసే ఇల్లది. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో సురేంద్ర మంచివాడే, కాదని ఎవరన్నా అంటే మాధవి ఇప్పటికీ ఊరుకోదు. మల్లెపూలు తెచ్చేవాడు, సినిమాకి తీసుకెళ్ళేవాడు. మిరప తోటలకి నీళ్ళు పెట్టే కాలంలో మోటార్లు వరసగా కాలి వస్తుంటే ఒకరోజు, "కాసేపు చెయ్యి కలపవే," అన్నాడు. కలిపింది. చెక్క అచ్చు మీద తీగ చుట్టడం, చుట్టకి చుట్టకి మధ్య కాయితం దోపడం, దారంతో బిగించడం, వార్నిష్ పొయ్యడం, ఒక్కోటీ నేర్చుకుంది. మగ్గం వేళ్ళు గదా, తీగ చెప్పిన మాట విన్నది. ఆ 'కాసేపు' ఇరవై ఏళ్ళు సాగింది. ఇంకొకణ్ణి పనిలో పెట్టుకుంటే జీతం ఇవ్వాలి. పెళ్ళాన్ని పెట్టుకుంటే అన్నం పెడితే చాలు, అదీ ఆమే వండుకుంటుంది.

ఆమె చెయ్యి కుదిరేకొద్దీ అతని చెయ్యి వెనక్కి తగ్గింది. మొదట కాల్చి పీకడం వదిలేశాడు, తర్వాత చుట్టడం, తర్వాత బిగించడం. చివరికి అతనికి మిగిలింది ముందుగదిలో కుర్చీ, మోటారు పొలానికి తీసుకెళ్ళి బిగించి రావడం, రైతులతో టీ. వెనక గదిలో ఆమె చుట్టేది, ముందు గదిలో అతను మాట్లాడేవాడు. "సురేంద్ర చుట్టాడంటే పదేళ్ళు చూడక్కర్లేదు," అని రైతులు అంటుంటే గోడ అవతల నుంచి వినేది. మొదట్లో నవ్వుకునేది. మొగుడి పేరు తన పేరు కాదా ఏంటి అనుకునేది. ఒకసారి ఎవరో, "మీ ఆవిడ కూడా పని చేస్తదంటగా," అన్నారు. సురేంద్ర గట్టిగా నవ్వాడు. "మా ఆవిడా? దారాలు కడతది. ఆడోళ్ళకి కాలక్షేపం ఉండాలిగా!" ఆ రోజు ఆమె చేతిలో ఉన్న తీగ ఎన్ని చుట్లు తిప్పిందో లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, సోకు చేసుకున్నది సొంత మొగుడైతే ఎవరికి చెప్పుకుంటుంది?

దారాలు కడుతుందన్న మాట మాత్రం నిజం. అంత పనిలోనూ తనకంటూ ఉన్న ముచ్చట ఆ దారం ఒక్కటే. అందరూ తెల్ల దారం కడతారు. మాధవికి చీరాల నుంచి వాళ్ళమ్మ మగ్గం దగ్గర మిగిలిన రంగు నూలు పంపేది. చిలకాకుపచ్చ, నెమలికంఠం, వంగపండు, పసుపు, మిరపపండు ఎరుపు, నేరేడు. ఒక్కో రైతు మోటారుకి ఒక్కో రంగు కట్టేది. వార్నిష్ పట్టి గట్టిపడినా రంగు తెలుస్తూనే ఉంటుంది. ఏళ్ళ తర్వాత మళ్ళీ మోటారు కాలి వచ్చినా మూత తీసి చూడగానే, "ఇది ఫలానా వాళ్ళది," అనుకునేది. మగ్గం మీద తెగిన పోగుని కలిపే ముడే దానికీ వేసేది. ఆ ముడి లాగితే ఇంకా బిగుస్తుంది తప్ప ఊడదు. రైతులకి కూడా అదొక వేడుక అయిపోయింది. "మాది నెమలికంఠం," అని ఒకరంటే, "మాకు మిరపపండు రంగు కట్టాల్సిందే, పండించేది మేము గదా," అని యలమందయ్య అనేవాడు. రెండెకరాల మిరప రైతు, మాటకి ముందు నవ్వు వచ్చే మనిషి.

ఆ యలమందయ్య ఒక పొద్దున మోటారు ఖాళీ బాడీ మోపెడ్ మీద వేసుకుని వచ్చాడు. నవ్వు లేదు.

"రాగి మొత్తం కోసుకుపోయారమ్మా. తోట పూత మీదుంది. రెండు తడులు తప్పితే నేల రాలిపోద్ది," అని కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. సురేంద్ర ముందుగదిలో కుర్చీలో దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. అది బాధ అనుకుంది మాధవి. అన్నం మానేసి ఆ పూటే చుట్టింది, మళ్ళీ మిరపపండు రంగు దారమే కట్టింది. వార్నిష్ ఆరి మోటారు పొలం చేరేలోపు తోట పూత సగం రాలిపోయింది. అయినా యలమందయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. దణ్ణం సురేంద్రకి పెట్టాడు.

వారం తిరక్కముందే సురేంద్ర ప్యాంటు ఉతుకుతుంటే మడతలోంచి ఒక దారం ముక్క ఊడిపడింది. మిరపపండు ఎరుపు. కొట్లో మనిషి మడతల్లో దారం ఉండటం వింతేం కాదు. కానీ కొత్త దారం దూదిలా మెత్తగా ఉంటుంది. ఇది వార్నిష్ పట్టి పుల్లలా ఉంది. దాని చివర ఆమె ముడి ఉంది. మోటారులోంచి కోస్తే తప్ప ఆ దారం బయటికి రాదు.

అడిగింది. అడగకపోలేదు. "ఇదెక్కడిదండీ?" అని తడిచేత్తో ముందు పెట్టింది.

"దారాల కొట్టోడి జేబులో దారం కాక బంగారం ఉంటదా? నీ పని నువ్వు చూసుకో," అన్నాడు. కళ్ళలోకి చూడలేదు.

ఆమె తన పని చూసుకుంది. అదే, అదే ఇప్పుడు మంట ముందు కూర్చుంటే గుండెకి అడ్డం పడుతోంది. ఆ రోజు అరిచి ఉంటే? చీపురు తిరగేసి ఉంటే? యలమందయ్య దగ్గరికి నడిచి వెళ్ళి, "ఇదిగో నీ దారం," అని ఉంటే? ఒక్క కేసుతో పోయేది. సిగ్గుతో తలదించుకుని మానేసేవాడేమో కూడా. కానీ కూతురు హాసిని డిప్లొమాలో చేరబోతోంది, ఊరు ఏమంటుంది, అత్తగారు ఏమంటుంది, అసలు నిజమో కాదో అనుకుంది. నిజమని తెలుసు. తెలిసి తెలియనట్టు ఉండటం ఆ ఇంట్లో ఆమె వైండింగ్ కంటే ముందు నేర్చుకున్న పని. ఇంకో అయిదు మోటార్లు ఖాళీ బాడీలతో వచ్చాయి. అయిదూ తనే చుట్టింది. మొగుడు పొలంలో విప్పడం, పెళ్ళాం ఇంట్లో చుట్టడం, బేరం మీద బేరం. ఆ నెలల్లో కొట్టు ఎన్నడూ లేనంత బాగా నడిచింది.

పట్టుబడ్డది ఎలాగంటే, కాల్చకుండా అమ్మాడు. రాగి దొంగిలించే ఎవడైనా ముందు కాలుస్తాడు. కాల్చితే వార్నిష్, కాయితం, దారం అన్నీ పోయి ఎర్రగా వట్టి రాగి మిగులుతుంది. అది ఎవరిదని ఏ బ్రహ్మదేవుడూ చెప్పలేడు. కానీ సురేంద్ర కాల్చడం ఎప్పుడో మరిచిపోయాడు. పెళ్ళాం వచ్చిన కొత్తలోనే ఆ పని ఆమెకి అప్పగించేశాడు. ఇంటికి తెచ్చి ఆమెని కాల్చమనడానికి మొహం చెల్లలేదు. బస్తాలో కుక్కినవి కుక్కినట్టే, దారాలతో సహా, పాత సామాన్ల కొట్టులో పడేశాడు. పోలీసులు సోదాకి వస్తే ఆ కొట్టువాడు అమ్మినవాడి పేరు చెప్పేశాడు. వాళ్ళు ఆ బస్తా తెచ్చి స్టేషన్ వరండాలో గుమ్మరించారు. పిలిచిన రైతులు ఒక్కొక్కరూ వంగి తమ రంగు తాము ఏరుకున్నారు. "చీరల కొట్టులా ఉందే!" అని ఒక కానిస్టేబుల్ నవ్వాడు. రంగుకో రైతు, రైతుకో కేసు.

జైలుకి చూడటానికి వెళ్ళిన మొదటిసారి సురేంద్ర జాలీ అవతల నుంచి అన్న మొదటి మాట, "తిన్నావా?" కాదు. "నీ రంగుల పిచ్చే నన్ను ముంచింది. అందరిలా తెల్లదారం కట్టుకుంటే నీ సొమ్మేం పోయేది?"

ఆమె ఏడుస్తూ బస్సెక్కింది. మర్నాడు నిజంగానే తెల్లదారం కొనుక్కొచ్చింది. ఎవరు తెస్తారులే దొంగ కొట్టుకి మోటారు అనుకుంది గానీ, మొదట వచ్చింది యలమందయ్యే. తెల్లదారం చూసి తల అడ్డంగా ఊపాడు.

"మాకు మా ఎర్రదే కట్టమ్మా. దొంగతనం ఆయన చేశాడు, నువ్వేం చేశావ్? ఇన్నాళ్ళూ చుట్టింది నువ్వేనని మాకు తెలవదనుకున్నావా?"

తెలుసట. అందరికీ తెలుసట. ఇరవై ఏళ్ళు గోడకి ఇవతల కూర్చుని ఆమె దాచిందనుకున్నది అవతల అందరికీ తెలుసు. తెలిసే దణ్ణాలు ఆ కుర్చీకి పెట్టారు. మంచి మాట చెప్పిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదని ఎర్రదారం తీసింది గానీ, ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళు ఒంగోలు వెళ్ళారు. షాజాదీ ఆఫీసు రెండు గదుల మేడ మీద. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని చదువుతుంది. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాయితం చేతిలోకి తీసుకుంది.

"వినండి, చదువుతాను. 'నేను గృహిణిని. ఇంటి పని తప్ప వేరే పని ఎరుగను. నాకు ఎలాంటి ఆదాయమూ లేదు. నా భర్త ఒక్కడే కుటుంబాన్ని పోషించేవాడు. ఆయన జైలుకి వెళ్ళినప్పటినుంచి నేను, మా అత్తగారు, మా అమ్మాయి దిక్కులేని స్థితిలో ఉన్నాము.' కింద సంతకం పెట్టండి."

మాధవి పెన్ను తీసుకుంది. వేళ్ళ సందుల్లో నిన్నటి బూడిద నల్లగా ఉంది. ఎంత తోమినా పోని నలుపు. ఆ నలుపు చూసింది, కాయితం చూసింది. సంతకం పెట్టాల్సిన చోట పెన్ను ఆనించి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అంది షాజాదీ.

"ఇంటి పని తప్ప ఎరుగను అని రాశారు మేడం."

"అందరికీ అలాగే రాస్తానండీ. కోర్టులకి అలవాటైన మాట అది. పోషించే మగవాడు లోపలుంటే ఆడవాళ్ళు రోడ్డున పడతారంటే జడ్జిగారి మనసు కాస్త కదులుతుంది."

"నేను రోడ్డున పడలేదు మేడం. కొట్టు నడుపుతున్నాను. ఈయన ఉన్నప్పుడు కూడా చుట్టింది నేనే."

సుబ్బరావమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఏందే నీ గోల? పెట్టు సంతకం. కట్టుకున్నోడి కోసం ఆ మాత్రం అబద్ధం ఆడలేవా? లోకంలో ఆడోళ్ళు మొగుళ్ళ కోసం నిప్పుల్లో దూకారు."

"నిప్పుల దగ్గరే కూర్చున్నాగా అత్తయ్యా ఇన్నేళ్ళూ," అంది మాధవి. గొంతు పెంచలేదు. "అబద్ధం ఆడలేక కాదు. ఇరవై ఏళ్ళుగా నేను ఆడుతున్న అబద్ధం ఇదే. ఇప్పుడు కాయితం మీద రాసి కోర్టుకి కూడా ఇమ్మంటే నా చెయ్యి రావడంలా."

షాజాదీ కళ్ళద్దాలు దించి పెట్టుకుంది. లాయరుగా చెప్పాల్సింది చెప్పింది. "చూడండి మాధవీలత గారూ. ఇది లేకపోయినా చట్టం మన వైపు ఉంది, శిక్షలు కలిపి నడిపించమని అడగొచ్చు. కానీ అది జడ్జిగారి ఇష్టం, ఇవ్వాలని రూలు లేదు. భార్య సంపాదిస్తోందంటే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇంకోటి కూడా ఉంది. ఆ కొట్లో పని మీదే అంటే, ఆ రాగి సంగతి మీకు తెలియదా అని ఎవరైనా అడగొచ్చు. మిమ్మల్ని కూడా లాగొచ్చు."

మాధవికి ఆ పుల్లలాంటి దారం ముక్క గుర్తొచ్చింది. దాన్ని పారెయ్యలేదు. కుట్టుపెట్టెలో ఉంది.

"అడిగితే తెలుసనే చెప్తాను మేడం," అంది.

అత్తగారు నుదురు కొట్టుకుంది. "నా కొడుకుని లోపల పెట్టింది చాలక నువ్వు కూడా పోతావా? నాకు గంజి కాసేదెవరు?"

ఆ దుఃఖంలో కూడా గంజి గుర్తొచ్చిందే అని మాధవికి నవ్వు రాబోయి, జాలి వచ్చింది. ఈవిడని కూడా ఎవరూ ఏ పని చేశావని అడిగి ఉండరు. తరాలు మారతాయి గానీ, ఆడవాళ్ళకి దొరికేది ఒకటే.

"అప్పీలుకి నేను అడ్డం కాదు మేడం," అంది లాయరుతో. "తొమ్మిదేళ్ళు అన్యాయం. చేసినదానికి ఎంతో అంతే పడాలి. ఆయన్ని నేను తిట్టుకుంటా, కొట్టుకుంటా, అది వేరు. కానీ ఆయన శిక్ష తగ్గడానికి నేను లేనట్టు రాయొద్దు. ఉన్నది ఉన్నట్టు రాయండి."

షాజాదీ కాసేపు ఆమె వేళ్ళ వైపు చూసింది. తర్వాత కాయితాన్ని మధ్యకి చింపి చెత్తబుట్టలో వేసింది. "మావారు కూడా ఇదే కోర్టులో లాయరు లెండి. నేను రాసిన అప్పీలు గెలిస్తే, 'సారు గట్టిగా రాయించారు' అంటారు క్లయింట్లు," అని, కొత్త కాయితం తీసింది.

అప్పీళ్ళు విచారణకి వచ్చేసరికి మిరప కోతలు ముగిసి, కల్లాల్లో కాయ ఎండుతోంది. సురేంద్రని ఎస్కార్టు కానిస్టేబుళ్ళు తీసుకొచ్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. చిక్కిపోయాడు. జుట్టు సగం నెరిసింది. మాధవి అతన్నే చూసింది. ఈ మనిషితోనే గదా మల్లెపూలు పెట్టుకుని రెండో ఆట సినిమా చూసింది. ఆ మల్లెపూల మనిషి, ఈ రాగి మనిషి ఒక్కరే ఎలా అయ్యారో, మధ్యలో తను ఎక్కడ కళ్ళు మూసుకుందో అనుకుంది.

షాజాదీ చెప్పాల్సింది చెప్పింది. ఒకే మనిషి, ఒకే తరహా నేరం, ఒకే బస్తాలో దొరికిన సొత్తు, ఒకే రోజు ఆరు తీర్పులు, శిక్షలన్నీ కలిసి నడవాలని అడగాల్సిన లాయరు అడగలేదు అంది. అవతలి లాయరు లేచాడు. రైతులు పూత మీద తడులు పోగొట్టుకున్నారని, జాలి చూపించాల్సింది వాళ్ళ మీద అని, పైగా ముద్దాయి కుటుంబం రోడ్డున పడలేదు, భార్య అదే వ్యాపారం చేసుకుంటోందని అఫిడవిట్ చేతిలో ఊపాడు. రైతుల మాట నిజమే గదా అనుకుంది మాధవి. తల దించుకుంది.

జడ్జిగారు కాయితం తిరగేసి తలెత్తారు. "ఈమె వచ్చిందా?"

మాధవి లేచి నిలబడింది.

"వైండింగ్ చేసేది మీరేనా?"

"అవునండి."

"ఎన్నాళ్ళనుంచి?"

"పెళ్ళైన కొత్తలోనుంచండి."

జీవితంలో ఆ ప్రశ్న ఆమెని ఎవరైనా అడగడం అదే మొదలు. వెనక బెంచీ మీద సురేంద్ర కదిలిన చప్పుడైంది.

"మీరు ఆయన సంపాదన మీద ఆధారపడి లేరు. మరి శిక్ష ఎందుకు తగ్గించమంటున్నారు?"

"వదిలెయ్యమనడం లేదండి. ఆయన చేసింది తప్పే. యలమందయ్య గారి తోట రాలిపోతే నేను చూశాను. కానీ..." మాట వెతుక్కుంది. "ఆ రాగి అంతా ఒకే రంగు దారంతో ఉంటే ఒక బస్తా రాగి అనేవాళ్ళండి. రంగులు కట్టింది నేను. నా రంగులన్నిటికీ లెక్కేసి ఒకదాని తర్వాత ఒకటి వేస్తే, అందులో నేను చేసిన పని కూడా కలిసినట్టుందండి. ఆయన తప్పుకి ఎంతో అంతే వెయ్యండి."

రాగి సంగతి నీకు తెలుసా అని ఆయన అడగలేదు. అవతలి లాయరూ అడగలేదు. అడిగితే చెప్పాలని గుండె రాయి చేసుకుని వచ్చింది. అడగనందుకు బతికిపోయానని అనుకోలేకపోయింది. ఆ జవాబు ఇక ఎవరూ తీసుకోరు, తన దగ్గరే ఉండిపోతుంది.

మధ్యాహ్నం తీర్పు చెప్పారు. నేరం నేరమే, ఏడాదిన్నర ఏడాదిన్నరే. కానీ ఆరు శిక్షలూ ఒకేసారి నడవాలి. అప్పటికి లోపలున్న కాలం పోను ఇక కొద్ది వారాలు. సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. షాజాదీ మాధవి భుజం తట్టి వేరే కేసుకి వెళ్ళిపోయింది.

వరండాలో కానిస్టేబుళ్ళు ఆయనకి ఒక టీ తాగేంత వ్యవధి ఇచ్చారు. సురేంద్ర ముందు తల్లి కాళ్ళకి మొక్కాడు. తర్వాత మాధవి వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"విన్నావా మాధవీ? అన్నీ ఒకేసారి నడుస్తాయంట. ఇవ్వాళ నువ్వు లేకపోతే నేను లేను. ఎంత కష్టం పెట్టానే నిన్ను," అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల నలుపు చూసి బొటనవేలితో రుద్దాడు. అది పోతుందన్నట్టు రుద్దాడు. "ఇంక చాలు. నేనొచ్చాక ఇవి కడిగేసుకుని ఇంట్లో హాయిగా కూర్చో. కొట్టు సంగతి నేను చూసుకుంటాగా. నా కుర్చీ దుమ్ము పట్టిందేమో, తుడిపించి ఉంచు."

ఎగతాళి కాదు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ నిజమని తెలుస్తూ ఉండటమే ఆమెకి ఎక్కువ నొప్పి పెట్టింది. ఇతని శిక్షలు కలిసి నడుస్తాయి. పొయ్యి, చాకిరీ, వైండింగ్, అత్తగారి మందులు, కూతురి చదువు, నోరు మూసుకోవడం, తనవి మాత్రం ఇన్నేళ్ళూ ఒకటి అయ్యాక ఒకటి నడిచాయి. ఎవరూ ఒకసారి కూడా కలపలేదు. అప్పీలు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. అతన్ని ద్వేషించడం చేతనైతే ఎంత తేలికగా ఉండేదో. ఆ దారం ముక్క దొరికిన రోజు ఇప్పటిలా ఎదురుగా నిలబడి ఉంటే ఇతని జుట్టు ఇలా నెరిసేది కాదు, మిగతా అయిదుగురి తడులు తప్పేవి కావు, తను ఈ కోర్టు గడప చూసేది కాదు. ఆ రోజు అనాల్సిన మాట వేరు. దానికి కాలం చెల్లిపోయింది. ఇప్పుడు అనాల్సింది వేరేది మిగిలింది.

చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఆ కుర్చీ వెనక గదిలోకి మార్చానండి. నేను కూర్చుని చుట్టుకుంటున్నాను," అంది. "మోటార్లు బాగానే వస్తున్నాయి. పాతవి కాల్చి పీకే మనిషి కావాలి నాకు. ఆ పని మీకు రాదు. వచ్చుంటే ఒక్క కేసు కూడా అయ్యేది కాదు. రండి, నేర్పుతాను."